పాటకచేరికి తోడు

చీరాల దాటి వాడరేవు ఒడ్డున వేకువవేళ నిలిచినవారికి అలివి వల లాగువారు కానవత్తురు. రెండు వరుసలుగా నిలిచి, ఒకరు పదమందింపగా తక్కినవారు గొంతు కలుపుచు మోకు లాగుదురు. బడికి సెలవైన నాడు తండ్రి వెనుక పదియేండ్ల కొడుకు కూడ ఆ మోకు పట్టుకొనును. వాని బలము వలకు అంతగా అక్కరలేదు. అయినను ఎవరును వానిని పొమ్మనరు. పాటలో వాని గొంతు కూడ కలిసినది కదా! తండ్రి బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పిన బుద్ధులు ఎన్ని నిలుచునో చెప్పజాలము గాని, ప్రక్కప్రక్కన నిలిచి కలిసి పాడినది, కలిసి విన్నది మాత్రము చాలకాలము నిలుచును. తల్లిదండ్రులును పిల్లలును కలిసి పాటకచేరీలకు పోవుటలోని మేలును గూర్చి ఈ వేళ ముచ్చటింపదలచితిని.

ఈ అలవాటు మన సీమకు క్రొత్త గాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో పత్తి ఇల్లు చేరి, మిరపకాయ కళ్లములలో ఎండుచుండు దినములలో మహాశివరాత్రి వచ్చును. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూర ప్రభలు తరలును. ఆనాడు ఎడ్లబండ్లమీద, తరువాత ట్రాక్టర్లమీద ఇంటిల్లిపాదియు బయలుదేరుట వాడుక. రాత్రంతయు దీపాల ప్రభల ముందు ఆటయు పాటయు సాగును. పిల్లలు తల్లి ఒడిలో కొంతసేపు నిద్రింతురు; డప్పు మ్రోగగానే లేచి కూర్చుందురు.

ఆ కాలపు కళలు పెద్దలను పిల్లలను ఒకే చాపమీద కూర్చుండబెట్టునట్లు ఏర్పడినవి. బుర్రకథనే చూడుడు. నడుమ కథకుడు, అటు ఇటు ఇద్దరు వంతలు. ఒక వంత లోకవ్యవహారము పలుకును, అది పెద్దలకు. రెండవ వంత హాస్యమాడును, అది పిల్లలకు. కథ అందరిది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధమును, బొబ్బిలి యుద్ధమును ఊరూర వినిపించినపుడు తాతయు మనుమడును ఒకేసారి కన్నీరు పెట్టుకొనగలిగిరన్నచో, ఆ ఏర్పాటులోని నేర్పు కూడ అందుకు కారణమే.

పిల్లవానిని సభకు కొనిపోయిన తండ్రులలో మన మెరుగదగినవారు ఘంటసాల సూర్యనారాయణ గారు. మృదంగము వాయించుచు భజనలు చేయు సామాన్య గృహస్థు. ఆయన తన చిన్న కుమారుని భుజముపై కూర్చుండబెట్టుకొని సంగీతసభలకు పోవుచుండెను. తరంగములకు చిందులు వేయు ఆ పసివానిని జనులు బాలభరతుడనిరి. ఆ బాలుడే 1922లో చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు. కుమారుని పదునొకండవయేట సూర్యనారాయణ గారు గతించిరి. సంగీతము నేర్చుకొమ్మన్నది ఆయన కడపటి కోరిక. ఆ మాట పట్టుకొని కుమారుడు అన్నమునకు కష్టపడుచునే విజయనగరము చేరి సంగీతము నేర్చెను. అతనికి దక్కిన పితృధనము ఆ భుజముపై విన్న కొద్దిపాటి పాటయే.

మనకు మరింత చేరువవారు నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిరి. తొలిపాఠము తండ్రి కాసిం సాహెబ్ గారి వద్దనే. వారి మనుమలు కూడ ఆ వాద్యమునే పట్టుకొనిరి. అందరి పిల్లలును విద్వాంసులు కానక్కరలేదు. కలిసి వినుటకు విద్వత్తు అవసరము లేదు.

ఇక రేడియో సంగతి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. వీధికి ఒకటి రెండు రేడియోలున్న ఆ దినములలో ఒక పెట్టె ముందు ఇంటివారే కాక ఇరుగుపొరుగు కూడ చేరెడివారు. ఈనాడు సెల్‌ఫోనులు చేతికి వచ్చినవి. ఒకే గదిలో నలుగురుందురు. నలుగురి చెవులలో నాలుగు పాటలు. ఎవరి పాట వారికి దక్కినది. కాని కూతురు ఏ పాటకు కన్నీరు పెట్టుకొన్నదో తల్లికి తెలియదు. మన ఇండ్లలో జరిగిన నష్టము ఇది. ఇందుకు ఫోనును నిందించి ప్రయోజనము లేదు.

"ఈనాటి పాటలలో ఏమున్నది? ఆ మోత ఎవరు భరింతురు?" అని పెద్దలందురు. ఈ ప్రశ్న పాతదే. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ గారి కాలమున ఆకాశవాణి సినిమాపాటలను దాదాపుగా మానివేసెను. శ్రోతలు ఏమి చేసిరి? ముల్లు త్రిప్పి సిలోను రేడియో వినిరి. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చినది. పాటలు తిరిగి ఇల్లు చేరినవి. ఆనాడు పెద్దలు పెదవి విరిచిన ఆ పాటలనే నేటి తాతలు ఆణిముత్యములందురు. కావున పిల్లల పాటపై తీర్పు చెప్పుటకు ముందు ఒక్కసారి వారితో కూర్చుండి వినుట న్యాయము.

2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియములో తమన్ గారి సంగీత విభావరి జరిగినది. తలసేమియా రోగుల సహాయార్థము ఏర్పాటైన సభ అది. చీరాల నుండి విజయవాడ రైలులో రమారమి 90 కిలోమీటర్లు. ఇట్టి సభలకు పిల్లలు పోవుదుమన్నపుడు మన ఇండ్లలో సామాన్యముగా రెండు సమాధానములు వినవచ్చును. కొడుకుతో "పో, జాగ్రత్త" అందురు. కూతురితో "వద్దు" అందురు. మూడవ సమాధానమొకటి కలదు: "నేనును వత్తును." రాత్రివేళ పంపుటకు జంకు తల్లి తానే బయలుదేరినచో కూతురికి పాట దక్కును, తల్లికి కూతురు దక్కును. ఆనాడు ఎందరో తల్లులకు ఇల్లు కదలి ఒక్క కచేరి వినుటకైన వీలు చిక్కలేదు. వారిలో కొందరికి ఇదియే మొదటి కచేరి కావచ్చును.

అయితే పోవలసినది తోడుగా గాని కావలిగా గాదు. మాటిమాటికి గడియారము చూచుట, "మా కాలములో" అని మొదలుపెట్టుట, ప్రక్కవారి బట్టలను విమర్శించుట, ఇవి కావలివాని పనులు. తోడు వచ్చినవారు అడుగుదురు: "ఈ పాట నీకెందుకు నచ్చినది?" పిల్లవాడు ఆ క్షణమున గురువగును. ఇంట ఎల్లప్పుడు నేర్చుకొనువానిగానే ఉన్న బిడ్డకు నేర్పు స్థానము దొరకుట చిన్న గౌరవము గాదు.

మోత మాట నిజమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ఇట్టి సభలకు పదునైదు నిమిషముల సగటున 100 డెసిబెళ్లకు మించరాదని హద్దు పెట్టెను. ధ్వనిపెట్టెలకు దూరముగా కూర్చుండుడు. మన పత్తిసీమలో దూదికి కొదువ లేదు గాని, ఇందుకు దూది చాలదు. చెవులకు తగిన బిరడాలు కొనుడు. మీకును, బిడ్డకును.

పిల్లలకు కూడ ఒక మాట. అమ్మ మీ పాటకు వచ్చిన పిదప, ఆమె మెచ్చిన హరికథకో, పద్యనాటకమునకో మీరును ఒక రాత్రి వెచ్చింపవలెను. నిద్ర వచ్చినచో రానిండు. తిరునాళ్లలో మీ పెద్దలును అట్లే నిద్రించిరి.

బిడ్డలు మనతో రావలెనని కోరు కాలము మిక్కిలి కొద్ది. పదునాలుగు పదునైదేండ్లు వచ్చుసరికి స్నేహితులు పిలుతురు. తరువాత చదువు పిలుచును, ఉద్యోగము పిలుచును. ఈ నడుమ ఎప్పుడో ఒకనాడు "నాన్నా, నీవు కూడ వత్తువా?" అని అడిగినచో, ఆ సాయంకాలపు పని మరునాటికి వాయిదా వేయుడు. టిక్కెట్లు రెండు తెమ్మని చెప్పుడు.