‘ఆల్ క్వైట్’ అని రాసిన రోజులు



సర్వీసులో మరువలేని రోజు గురించి చెప్పమన్నారు. నేను ఏమీ జరగని రోజుల గురించి చెబుతాను. మనకు అవే ఎక్కువ కదండీ! వాటికి మన నోట ఒక ఇంగ్లీషు మాట ఉండేది, ‘ఆల్ క్వైట్’. కాస్త చదువుకున్నవాళ్ళు ‘ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ అని కూడా తగిలించేవారు. రెమార్క్ అనే జర్మన్ మాజీ సైనికుడు మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసిన నవలకు 1929లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం పేరది. జర్మన్ పేరుకు ‘పడమట కొత్తదేమీ లేదు’ అని అర్థం. కథలోని కుర్రవాడు 1918 అక్టోబరులో చనిపోయిన రోజునే సైన్యం రిపోర్టు అలా ఉంటుంది. ఇది తెలియక నేనూ మెస్‌లో నవ్వుతూ అన్నవాణ్ణే.

మా నాన్నగారు బిలాస్‌పూర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన మాట ‘ఆల్ రైట్’. ఆ రోజుల్లో బండి స్టేషను దాటేటప్పుడు స్టేషన్ మాస్టరు, గార్డు పచ్చజెండాలు చూపుకునేవారు. ఊరికే కాదు; యాక్సిల్ వేడెక్కి పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా అని బండి పొడుగునా చూసి మరీ.

1988 చలికాలం నేను సియాచిన్‌లో ఉన్నాను. ‘ఇక్కడ ఆల్ క్వైట్, మీరు క్షేమమని తలుస్తాను’ అని ఇన్‌లాండ్ లెటర్ రాశాను. ఆ వారమే ఫ్రాస్ట్‌బైట్‌తో నా ఎడమకాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. ‘ఇక్కడ ఆల్ రైట్’ అని జవాబొచ్చింది. సెలవులో వచ్చి చూస్తే ఆయన మంచంలో ఉన్నారు. నెల రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారట! ఆయన నా కాలు చూశారు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. అమ్మ మాత్రం ఇద్దరినీ కలిపి తిట్టింది.

2003 నవంబరులో సియాచిన్‌లోనూ కాల్పుల విరమణ వచ్చింది. బయటివాళ్ళకు ఆ తర్వాతంతా ‘ఆల్ క్వైట్’ కాలమే. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుచరియ పడి 19 మద్రాస్ జవాన్లు పదిమందిని పోగొట్టుకున్నాం. వారిలో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఒక్క తూటా పేలలేదు.

ఇప్పుడు నా మనవడు సరిహద్దులో ఉన్నాడు. ఫోన్ చేసి, “తాతా, ఆల్ క్వైట్” అంటాడు. “సరే గానీ, ముందు కాలివేళ్ళ సంగతి చెప్పరా” అంటాను.

జై హింద్.