ముక్క బలము, కట్ట బలము

పేకాట యనగానే మన పెద్దలకు తోచునవి ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అను నాలుగు రంగులు, 52 ముక్కలు. ఆ పేక ఆడువారందరికిని ఉమ్మడి సొత్తు. పంచినపుడు చేతికి వచ్చిన ముక్కలతోడనే నెగ్గుకొని రావలెను. నేను నేడు ప్రస్తావింపబోవు ఆట అట్టిది కాదు. ఇందు ఎవరి పేక వారిదే. వేలకొలది ముక్కలలో నుండి తనకు కావలసినవానిని ఏరుకొని కట్టగట్టి, ఎదుటివాని కట్టలో ఏమున్నదో తెలియకయే ఆటగాడు బల్లయొద్దకు వచ్చును. కూర్చుండకమునుపే సగము ఆట జరిగిపోవును.

దీని పేరు 'మ్యాజిక్: ది గాదరింగ్'. ముక్కలతోనే కాక కంప్యూటరు తెరపైనను, చేతిఫోనులోను ఆడు వసతి నేడు కలదు. ఇంటిలోని కుఱ్ఱవాడు రాక్షసుల బొమ్మలను, దేవదూతల బొమ్మలను ముందుంచుకొని గంటలకొలది తర్జనభర్జన పడుచుండగా చూచి, ఇది జూదమా, చదువా అని తలిదండ్రులు సందేహించుట సహజము. నాకు తోచిన సమాధానము చెప్పుటకు ముందు ఆట లోపలి సంగతి కొంత తెలియవలెను.

కల్పించినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికన్ గణితజ్ఞుడు. వస్తువులను ఎన్ని విధముల కూర్పవచ్చునో విచారించు గణితశాఖలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి 1993లో డాక్టరు పట్టము పొందెను. అతడు మొదట మరియొక ఆటను వెంటబెట్టుకొని, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను చిన్న సంస్థ యజమాని పీటర్ ఆడ్కిసన్‌ను కలిసికొనెను. దానిని తయారుచేయించుటకు తగిన ధనము ఆ సంస్థకు లేకపోయెను. ఆటల సంబరములలో ఒక కార్యక్రమమునకును మరియొకదానికిని నడుమ దొరకు కొద్ది తీరికలో ముగించుకొనదగిన ఆట కావలెనని ఆడ్కిసన్ కోరెను. అట్లు పుట్టినది 1993 ఆగస్టులో అంగళ్లకు వచ్చినది. తొలి ముద్రణమున 295 రకముల ముక్కలుండెను. ఇప్పుడు ఆ సంఖ్య 20,000 దాటినది.

ఆటలో ఇరువురును మాంత్రికులు. చెరి 20 ప్రాణములు. ఎదుటివాని ప్రాణములను సున్నకు దించినవాడు గెలుచును. మంత్రము వేయుటకు శక్తి కావలెను. ఆ శక్తి భూమినుండి వచ్చును. మైదానము తెల్లని శక్తిని, ద్వీపము నీలిశక్తిని, చిత్తడినేల నల్లనిదానిని, పర్వతము ఎఱ్ఱనిదానిని, అరణ్యము పచ్చనిదానిని ఇచ్చును. వంతునకు ఒక భూమిని మాత్రమే పరువవచ్చును. మొదట 7 ముక్కలు, తరువాత వంతునకొక ముక్క చేతికి వచ్చును. ఒక చమత్కారమేమనగా, ముక్కపై వ్రాసినది ఆట నియమమునకు విరుద్ధమైనచో ముక్క మాటయే చెల్లును. వ్యాకరణమున అపవాదసూత్రము సామాన్యసూత్రమును బాధించుట చదివినవారికి ఇది కొత్తగాదు. ఆటకు సూత్రములు కొలదియే, అపవాదములు ముక్కలన్ని.

తొలి ముద్రణములోనే గార్ఫీల్డ్ ఐదు ముక్కలను సోదరులవలె సృష్టించెను. ఐదింటికిని వెల ఒక్కటే, ఒక మాత్ర శక్తి. ఐదును మూడేసి ఇచ్చునవే. ఎఱ్ఱని 'లైట్నింగ్ బోల్ట్' అను పిడుగు మూడు దెబ్బలు కొట్టును. పచ్చని 'జయంట్ గ్రోత్' ఒక ప్రాణి బలమును ఆ వంతు ముగియువరకు మూడేసి పెంచును. నల్లని 'డార్క్ రిచ్యువల్' ఒక మాత్ర శక్తిని తీసికొని మూడు మాత్రలిచ్చును. తెల్లని 'హీలింగ్ సాల్వ్' మూడు ప్రాణములను ఇచ్చును, లేదా మూడు దెబ్బలను ఆపును. నీలపు 'యాన్సెస్ట్రల్ రీకాల్' మూడు కొత్త ముక్కలను చేతికి ఇచ్చును. మీరైన దేనిని కోరుకొందురు? ప్రాణముకంటె ప్రియమైనది లేదుగదా యని కొత్తవాడు తెల్లదానికి చేయి చాచును. అనుభవజ్ఞుడు దానిని ముట్టడు. పోయిన మూడు ప్రాణములు తిరిగివచ్చినను బల్లపై పరిస్థితి మారలేదు. చేతిలో ఒక ముక్క తగ్గినది. మూడు కొత్త ముక్కలన్నచో మూడు కొత్త ఉపాయములు. ఈ ఐదింటిలో నాలుగింటిని విరివిగా దొరకునట్లు అచ్చొత్తించి, నీలపుదానిని మాత్రము అరుదైనవానిలో చేర్చిరి. పోటీలలో దానిపై ఆంక్ష నేటికిని కలదు. హీలింగ్ సాల్వ్‌పై ఆంక్ష పెట్టవలెనని ఎవ్వరికిని తోచలేదు.

ఇక మంత్రమునకు మంత్రము ఎదురైనపుడు జరుగునది చూడుడు. నా యొద్ద ఒక ఎలుగుబంటి యున్నది. కొట్టు బలము రెండు, ఓర్చు బలము రెండు. ఎదుటివాడు దానిపై పిడుగు వేసెను. ఆ పిడుగు ఇంకను పడలేదు, గాలిలో నున్నది. ఆ సందులో నేను జయంట్ గ్రోత్ ప్రయోగించితిని. ఆట నియమము ప్రకారము మంత్రములు దొంతరగా పేరును. చివర పెట్టినది ముందు ఫలించును. కావున నా ఎలుగు ముందుగా పెరిగి ఐదింటిని ఓర్వగలదగును. తరువాత పిడుగు పడును. మూడు దెబ్బలు తిని ఎలుగు బ్రతుకును. ఎదుటివాని ముక్క ఒకటి, నా ముక్క ఒకటి ఖర్చు. ప్రాణి నాకు మిగిలినది.

ఆ రెండు ముక్కలనే క్రమము తప్పించి వేయుదము. ఎలుగుతో దాడి చేయుచు, ఆత్రపడి నేనే ముందు జయంట్ గ్రోత్ వేసితిననుకొనుడు. ఎదుటివాడు వెంటనే పిడుగు వేసెను. చివరిది ముందు ఫలించును గనుక, ఇంకను పెరగని ఎలుగుపై పిడుగు పడెను, ఎలుగు చచ్చెను. పెంచుటకు ప్రాణియే లేనందున నా మంత్రము వ్యర్థమయ్యెను. ఈసారి అతని ముక్క ఒకటికి నావి రెండు పోయినవి. ముక్కలు మారలేదు, బలములు మారలేదు. ఎవరు ముందు మాటాడిరి, ఎవరు వేచియుండిరి అనునదే మారినది. అవధాన సభలలో నిషిద్ధాక్షరి చూచినవారికి ఈ సొగసు తెలియును. పృచ్ఛకుడు అవధాని నోట రాబోవు అక్షరమును పసిగట్టి నిషేధించును. అవధాని ఆ నిషేధమును ముందే ఊహించి మరియొక దారి సిద్ధపరచుకొనియుండును. నీలపురంగులోని 'కౌంటర్‌స్పెల్' అట్టి పృచ్ఛకుడే. రెండు మాత్రల శక్తితో ఎదుటివాని మంత్రమును, అది ఎంత గొప్పదైనను, పుట్టకమునుపే రద్దుచేయును.

దొంతర పద్ధతి ఇంత స్పష్టముగా మొదటినుండి లేదు. తొలి సంవత్సరములలో ఏ మంత్రము దేనికి ముందు ఫలించునో తేల్చుటకు నియమములు చిక్కుపడియుండెడివి. 1999లో వాటిని సంస్కరించి, చివరిది ముందు అను ఒక్క సూత్రమునకు తెచ్చిరి. ఆటకు జరిగిన ఉపకారములలో దీనిని మించినది లేదని నా అభిప్రాయము.

ఒంటరిగా మందకొడి ముక్క తోడు దొరకగానే ఎట్లు విజృంభించునో చెప్పుటకు పాత ఆటగాళ్లందరు ఒకే ఉదాహరణ నిత్తురు. 'ఛానెల్' అను పచ్చని మంత్రము, నీ ప్రాణములను ఒక్కొక్కటిగా శక్తిగా మార్చుకొనుటకు అనుమతించును. ఎవడు తన ప్రాణము తానే తీసికొనును? 'ఫైర్‌బాల్' అను ఎఱ్ఱని మంత్రము, పోసిన శక్తి కొలది దెబ్బ కొట్టును. మామూలుగా నాలుగైదింటికంటె ఎక్కువ పోయుట కష్టము. ఈ రెంటికిని 'బ్లాక్ లోటస్' అను నల్లతామర తోడైనచో చూడుడు. తామర ఖర్చులేకయే మూడు మాత్రల శక్తి నిచ్చును. అందు రెండింటితో ఛానెల్ వేసి, మిగిలిన ఒకటికి తన ప్రాణములు పందొమ్మిదింటిని చేర్చి, ఒక పర్వతపు ఎఱ్ఱని శక్తితో ఫైర్‌బాల్ ప్రయోగించినచో సరిగా 20 దెబ్బలు. మొదటి వంతులోనే ఎదుటివాడు హతుడు. కొట్టినవానికి మిగులునది ఒక్క ప్రాణము.

అదే ప్రయోగము మొదటి వంతున కాక, ఎదుటివాడు రెండు ద్వీపములు పరచిన పిమ్మట జరిగినచో? ఫైర్‌బాల్ గాలిలో నుండగా అతడు నెమ్మదిగా కౌంటర్‌స్పెల్ చూపును. అగ్నిగోళము ఆరిపోవును. చెల్లించిన పందొమ్మిది ప్రాణములు తిరిగిరావు. అశ్వత్థామవలె ప్రయోగము తెలిసి ఉపసంహారము తెలియనివాని పాటు అతనిది.

ఇట్టి కూటములు పెరుగగా 1994లో పోటీలకు కట్టుబాట్లు వచ్చినవి. కట్టలో కనీసము 60 ముక్కలుండవలెను. సామాన్యభూములు తప్ప ఏ ముక్కయు నాలుగింటికి మించరాదు. నల్లతామర వంటివి ఒక్కటే యుండవలెను. అంతకుముందు కనీసము 40. ఒకే ముక్కను ఎన్నియైనను పెట్టుకొనవచ్చునట.

60 కనీసమేగాని గరిష్ఠము కాదు. కాని తెలిసినవాడు 61వ ముక్కను పెట్టుకొనుటకు జంకును. కారణము లెక్కలో నున్నది. 60 ముక్కల కట్టలో ఒక ముక్కకు నాలుగు ప్రతులున్నచో, మొదటి ఏడింటిలో అది కనిపించు అవకాశము నూటికి సుమారు 40. కట్టను 100 ముక్కలకు పెంచినచో అది 25కు పడిపోవును. ఇష్టమైన ముక్కల నన్నిటిని చేర్చుకొన్నవాడు ఏదియు సమయమునకు చేతికి రాక బాధపడును. భూములు సుమారు 24 ఉన్నచో మొదటి ఏడింటిలో సగటున మూడింటికి కొంచెము తక్కువగా వచ్చును. తక్కువైనచో మంత్రములు చేతిలో మురుగును. ఎక్కువైనచో పొలమున్నది, విత్తనము లేదు.

ఈ విసర్జనవిద్యలో ఇద్దరి పేళ్లు చెప్పక తప్పదు. 1995 ప్రాంతమున బ్రయన్ వైస్‌మన్ అను ఆటగాడు తన కట్టలో ప్రాణులను దాదాపుగా మానివేసి, 'సెర్రా ఏంజెల్' అను దేవదూతలను రెండింటిని మాత్రము ఉంచుకొనెను. ఎదుటివాని చేతిలో ప్రాణులను చంపు ముక్కలు పోగుపడును. చంపుటకు ప్రాణి యుండదు. తాను ఒక ముక్కయైనను వేయకయే ఎదుటివాని చేతిలోని ముక్కలను పనికిరానివిగా చేయుట! జే ష్నైడర్ రూపొందించి, పాల్ స్లై అనునతడు 1996లో ఆడిన ఎఱ్ఱని కట్ట ఇందుకు సరిగా విరుద్ధము. అందులోని ప్రాణులు అల్పములు. వానిలో 'ఐరన్‌క్లా ఆర్క్స్' అనునవి తమపాటి బలముగల ప్రాణిని అడ్డుకొనుటకే సాహసింపవు. కాని మొదటి వంతున ఒక మాత్ర వెలది, రెండవ వంతున రెండు మాత్రలది, ఇట్లు ఏ వంతునను శక్తి వృథాకాకుండ అమర్చిన కట్ట యగుటచే, మహామంత్రములు చేతబట్టి భూములకై వేచియున్నవానిని అది ముందే ముగించెడిది. విడివిడిగా చూచిన ఆ ముక్కలను ఎవరును అద్దముపెట్టి దాచుకొనరు.

దాచుకొనునవి వేరు. ఇక్కడనే తలిదండ్రుల సందేహమునకు వత్తును. ముక్కలు మూసిన పొట్లములలో అమ్మబడును. లోన ఏమున్నదో విప్పినగాని తెలియదు. 1993 నాటి నియమములలో ఆటకు ముందు చెరియొక ముక్క పందెము పెట్టి, గెలిచినవాడు రెంటిని తీసికొను పద్ధతియు నుండెను. దానిని తరువాత విడిచిపెట్టిరి. పొట్లము మాత్రము పోలేదు. 2021లో తొలి ముద్రణపు నల్లతామర ఒకటి వేలములో 5,11,100 డాలర్లు పలికినది. పొట్లముపై పొట్లము విప్పుటలో నున్నది జూదపు రుచియే. దానికి మారుపేరు పెట్టుట నాకిష్టము లేదు. కట్ట కూర్చుటలో నున్నది మాత్రము నిక్కమైన చదువు. కావలసిన ముక్కలను విడిగా కొనుక్కొనుటయు కలదు. విరివిగా దొరకు ముక్కలతో మాత్రమే ఆడు 'పాపర్' అను పద్ధతిని 2019లో సంస్థయే అంగీకరించినది. కుఱ్ఱవాడు అడిగినచో ఆ దారి చూపుట మేలు.

ఆ 2019లోనే అలెక్స్ చర్చిల్, స్టెల్లా బీడర్మన్, ఆస్టిన్ హెరిక్ అను మువ్వురు ఒక వ్యాసము వెలువరించిరి. నియమబద్ధమైన 60 ముక్కల కట్టతో, ఒక ముక్క ఫలితము మరియొకదానిని కదిలించునట్లు అమర్చి, ఏ గణనయంత్రమైన చేయగల లెక్కను బల్లపై చేయించవచ్చునని నిరూపించిరి. దాని పర్యవసానముగా, ఈ ఆటలో కొన్ని స్థితులయందు ఎవరు గెలుతురో ఏ యంత్రమును ముందుగా తేల్చిచెప్పజాలదు.

ధనబలమును చాలవరకు తొలగించి ఆడు మరియొక పద్ధతి నాకు ప్రియమైనది. ఎనమండుగురు గుండ్రముగా కూర్చుందురు. ఒక్కొక్కరు ఒక పొట్లము విప్పి, ఒక్క ముక్కను మాత్రము తీసికొని, తక్కినవానిని ప్రక్కవారికి అందింతురు. అటుపక్కనుండి వచ్చినదానిలో మరియొకటి. ఇట్లు మూడు పొట్లములు తిరుగును. ఆ ఏరుకొన్నవానికి సామాన్యభూములు చేర్చి అక్కడికక్కడే 40 ముక్కల కట్ట కట్టుకొనవలెను. మొదటి పొట్లములో మెరయు దేవదూతను పట్టుకొన్నవాడు, తెల్లని ముక్కలు తన వంకకు రాకుండ ప్రక్కవాడు ముందే ఏరుకొనుచున్నాడని మూడవ పొట్లమునకుగాని గ్రహింపడు. అప్పుడు ఆ దేవదూతను ప్రక్కనబెట్టి, తనకు వరుసగా అందుచున్న చిన్న ఎఱ్ఱముక్కలవైపు మరలుట అతనికి ఎంత కష్టమో ముఖము చూచినచో తెలియును.