ఒక యంత్రము – రెండు కాపురములు



మన గ్రామములలో పెద్దమనుష్యులు కూర్చుండి అన్నదమ్ముల యాస్తిని పంచుట మీరెల్లరు ఎఱిగినదే. పంపకము సవ్యముగా జరిగినచో ఒకే కప్పు క్రింద రెండు కాపురములు పొరపొచ్చెములు లేక చాలకాలము సాగును. తొందరపడి గట్లు పెట్టినచో ఉభయులకును నష్టమే. నేడు నేను మనవి చేయదలచినదియు అట్టి పంపకమును గూర్చియే. ఇచట ఇల్లు కంప్యూటరు. కాపురములు విండోస్, లినక్స్ అను రెండు ఆపరేటింగ్ సిస్టములు.

ఆపరేటింగ్ సిస్టము అననేమి? కంప్యూటరునకు తనంతట తానుగా ఏ పనియు చేతగాదు. మీట నొక్కినపుడు అక్షరము తెరపై కనబడుటకును, వ్రాసిన జాబు భద్రపడుటకును లోపల ఒక పెత్తనదారు ఉండవలయును. ఆ పెత్తనదారే ఆపరేటింగ్ సిస్టము. విండోస్ అమెరికాలోని మైక్రోసాఫ్టు సంస్థవారిది, వెలయిచ్చి పొందవలసినది. లినక్స్‌ను ఫిన్లండు దేశమున హెల్సింకీలో విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించెను. దానిని ఎవరైనను ఉచితముగా గైకొని, మార్చుకొని, పదిమందికి పంచవచ్చును. మన దేశమున సి-డాక్ అను ప్రభుత్వసంస్థ దాని యాధారముననే ‘బాస్’ అను సిస్టమును 2007లో వెలువరించినది.

ఒకటి చాలదా, రెండెందుకని మీరడుగవచ్చును. విండోస్ 10 అను సిస్టమునకు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదగు విండోస్ 11 ఒక ప్రత్యేక భద్రతాసాధనమును కోరుటచే పెక్కు పాత యంత్రములు దానికి తగనివైనవి. కాలుచేయి బాగుగానున్న యెద్దును కబేళాకు తోలుట యెట్టిదో, పనిచేయుచున్న యంత్రమును పాఱవేయుటయు అట్టిదే. లినక్స్ అట్టి యంత్రములలో హాయిగా నడచును. అయితే కొన్ని పద్దుల సాధనములు విండోస్‌లో మాత్రమే పనిచేయును. కావున రెండును ఉంచుకొనుట మేలు. నా యింట ఇట్లే చేసికొంటిని. పద్దులు విండోస్‌లో వ్రాయుదును. ఇంటర్నెట్టుతో నడచు ఉత్తరములు, పత్రికలు లినక్స్‌లో చూతును. సంరక్షణ లేని సిస్టముతో ఇంటర్నెట్టులోనికి పోవుట తలుపు తెఱచి నిద్రించుట వంటిది.

ఈ యేర్పాటు నడచు తీరును వినుడు. కంప్యూటరులోని డిస్కు భూమి వంటిది. దాని మొదట ఏ భాగము ఎచట మొదలై ఎచట ముగియునో తెలుపు పట్టిక యుండును. వెనుకటి కరణముగారి లెక్క వంటిదే యిది. భూమి కదలకున్నను లెక్క చెడినచో ఎవరి చేను ఏదో తెలియదు. ముందుగా విండోస్ వాటాను కొంత కుదించి ఖాళీచోటు సంపాదింపవలెను. ఉబుంటు అను లినక్స్ రకమునకు సుమారు 25 గిగాబైట్ల చోటు కావలయును. లినక్స్ ఆ చోటున స్థిరపడి, వాకిట ‘గ్రబ్’ అను ద్వారపాలకుని నిలుపును. యంత్రము తెఱచినపుడెల్ల అతడు రెండు పేర్లను చూపి ఏది కావలెనని యడుగును. ఒకరు పెత్తనము చేయునపుడు రెండవవారు నిద్రింతురు; మార్చవలెనన్న యంత్రమును ఆపి మరల తెఱవవలెను.

ఇక ముఖ్యమగు హెచ్చరికలు. లినక్స్‌ను స్థాపించునపుడు తెరపై రెండు మార్గములు కనబడును: విండోస్ ప్రక్కన ఉంచుట, డిస్కునంతయు తుడిచివేయుట. రెండవదానిని ఎంచితిరా, పొలము కాగితముల నకళ్లు, పిల్లల ఛాయాచిత్రములు సమస్తమును పోవును. కావున పనికి పూనకముందే అన్నిటికిని నకళ్లు తీసి, వేఱొక డిస్కులో దాచి, అవి తెఱచుకొనుచున్నవో లేవో చూచుకొనుడు. అదే యంత్రములో దాచిన నకలు నకలు కాదు. విండోస్ డిస్కునకు ‘బిట్‌లాకర్’ అను తాళము వేసియున్నచో, దాని 48 అంకెల తాళపుసంఖ్యను కాగితముపై వ్రాసి పెట్టెలో భద్రపఱచుడు. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ అను సౌకర్యము కలదు. అది యున్నంతకాలము విండోస్ పూర్తిగా మూతపడక సగము నిద్రలో నుండును. అప్పుడు లినక్స్ దాని వాటాలో వ్రాసినచో లెక్కలు చెడును. దానిని మాన్పింపుడు.

గడియారము కొన్నియెడల అయిదున్నర గంటలు వెనుకబడి కనబడిన భయపడకుడు. యంత్రములోని గడియారమును విండోస్ మన దేశకాలముగా ఎంచును. లినక్స్ అంతర్జాతీయకాలముగా ఎంచును. రెంటిని ఒకే లెక్కకు తెచ్చినచో తగవు తీఱును.

తుదకొక మాట. లినక్స్‌ను స్థాపింపకయే పెన్ డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. నాలుగు దినములట్లు చూచి, నచ్చినపిదపనే గట్లు పెట్టుడు. మీ మనుమలు ఈ పనికి పూనినపుడు మీటలు నొక్కుట వారికి విడువుడు. నకళ్లు తీసితిరా యని యడుగుట మాత్రము పెద్దలగు మీ పని. పంపకమునకు ముందు పత్రములను భద్రపఱచవలెనను సంగతి మీకన్న ఎఱిగినవారెవరు?