మునగాకు ఉండగా మాత్రలెందుకు?

(రాత్రి బడిలో చెప్పిన మాటలు)



మొన్న మన వీధిలోకి ఒకాయన మాత్రల సీసాలు తెచ్చాడు. "వీటిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. రోజుకొకటి వేసుకుంటే క్యాన్సర్ రాదు" అన్నాడు. మనలో ఇద్దరు రెండు రోజుల కూలి డబ్బులిచ్చి కొన్నారు. వాళ్లను తప్పు పట్టను. రెండేళ్ల కిందట మా అమ్మకి నేనూ అలాంటి సీసానే కొన్నాను. టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని! పేరు చదివాను గానీ, అదేమిటని ఎవరినీ అడగలేదు.

వంకాయ తరిగి వదిలేస్తే ఏమవుతుంది? గాలి తగిలి నల్లబడుతుంది. నిమ్మకాయ పిండిన నీళ్లలో వేస్తే అంత తొందరగా నల్లబడదు. మన ఒంట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. తిన్న తిండి, పీల్చిన గాలి కలిసి శక్తిగా మారేటప్పుడు కొన్ని చెడ్డ పదార్థాలు పుడతాయి. పొగ తాగేవాళ్లకి ఇంకా ఎక్కువ. వాటిని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు.

వీటిలో కొన్నిటిని మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. అందుకు జింకు, రాగి లాంటివి పిసరంత కావాలి. రాగి అంటే చెంబు చేసే రాగి. మన చోళ్లను కొన్ని ఊళ్లలో రాగులంటారు, ఆ రాగులు కాదు! పప్పులు, నువ్వులు, వేరుశనగ, గుడ్లు, చేపలు తింటే అవి దొరుకుతాయి.

మిగతావి కూరల్లో, పండ్లలో ఉన్నాయి. జామకాయలో సి విటమిన్ నారింజ కంటే నాలుగింతలు ఉంటుంది. పిల్లలు జామచెట్టు ఎక్కితే మనం తిడతాం. ఇక మునగాకు. ఆషాఢంలోనే వండాలని లేదు. ముందు కడిగి, తర్వాత దూసుకోండి. ఉడికించిన నీళ్లు పారబోయకండి. కొంచెం నూనె వెయ్యండి, నూనె ఉంటేనే అందులోని కెరోటిన్ ఒంటికి పడుతుంది. నిమ్మరసం దించాక పిండండి.

ఆ కెరోటిన్‌నే మాత్రగా మింగితే? ఫిన్లాండ్ దేశంలో పొగ తాగే 29 వేల మంది మగవాళ్ల మీద పరీక్ష చేశారు. కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఐదు నుంచి ఎనిమిదేళ్ల పాటు ఇచ్చారు. క్యాన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో లెక్క తేలింది. మాత్ర వేసుకోనివాళ్లలో 100 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే, వేసుకున్నవాళ్లలో 118 మందికి వచ్చింది! కూరలో ఉన్నప్పుడు మేలు చేసేది, మాత్రలో ఎక్కువైతే కీడు చేసింది.

మన అవ్వలు చుట్ట తాగుతారు. అడ్డపొగ కూడా తాగుతారు. ముఖ్యంగా వాళ్లు ఆ సీసా ముట్టకండి. చుట్ట మానడమే వాళ్లకు మందు. కోపం వచ్చినా సరే అవ్వా, చెప్పకుండా ఉండలేను.

ఒక్క మాట. కడుపుతో ఉన్నవాళ్లకి ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు వేరు. అవి రక్తం కోసం. వాటిని మానకండి.

సీసాలో ఇంకా సగం ఉన్నాయి, ఏం చెయ్యాలని ఒక అక్క అడిగింది. వేసుకోవడం ఆపు అక్కా. రేపు రాత్రి సీసా బడికి తీసుకురా. దాని మీద ఏమి రాశారో, అందరం కూడబలుక్కుని చదువుదాం.