డిస్కు పోయిన సంగతి ఎవరికి తెలియాలి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చేసే పని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. బ్యాంకులు, ఆసుపత్రుల వంటి సంస్థల సమాచారాన్ని దాచే స్టోరేజీ యంత్రాలను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌ను అమర్చడం నా ఉద్యోగం.

అలాంటి యంత్రం ఒక్కోదానిలో పదుల నుంచి వందల డిస్కులుంటాయి. వాటిని రైడ్ అనే పద్ధతిలో జతచేస్తారు. రైడ్-5లో ఒక డిస్కు పోయినా, రైడ్-6లో రెండు పోయినా సమాచారం పోదు, పని ఆగదు. చిక్కంతా అక్కడే. పని ఆగదు కనుక డిస్కు పోయిన సంగతి వాడుకునేవారికి తెలియదు. రైడ్-5లో రెండోది కూడా పోయిన రోజున తెలుస్తుంది. అప్పుడిక బ్యాకప్ వెతుక్కోవడమే.

ఏదైనా చెడితే యంత్రం తనంతట తానే ఎస్ఎన్ఎంపీ పద్ధతిలో హెచ్చరిక పంపగలదు. కానీ యంత్రమే మూగబోతే? అందుకే మా సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని నిమిషాలకోసారి పలకరిస్తుంది. డిస్కులు, ఫ్యాన్లు, కంట్రోలర్లు ఎలా ఉన్నాయో, జాగా ఎంత నిండిందో అడుగుతుంది. జవాబు రాకపోతే అదీ ఒక హెచ్చరికే. జాగా రోజుకెంత చొప్పున నిండుతోందో లెక్కగడితే, కొత్త డిస్కులు ఎప్పటికి కొనాలో ముందే చెప్పవచ్చు.

డిస్కు చెడిపోయేది మాత్రం ప్రతిసారీ ముందే తెలియదు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. చెడిపోయిన వాటిలో 36 శాతం, ఉష్ణోగ్రత సంగతి పక్కన పెడితే, ముందుగా ఏ లోపమూ చూపలేదు. కాబట్టి మేము జోస్యం చెప్పం. చెడిన క్షణానికీ, అది ఒక మనిషికి తెలిసే క్షణానికీ మధ్య ఆలస్యాన్ని తగ్గిస్తాం.

ఆ మనిషి ఎవరన్నదే నేను మొదట అడిగే ప్రశ్న. చిన్నాపెద్దా తేడా లేకుండా రోజుకు వందల కబుర్లు పంపితే ఎవరూ చదవరు. అమర్చడం పూర్తయ్యాక, పరీక్షకు పెట్టిన యంత్రంలోంచి కావాలనే ఒక డిస్కు లాగి, ఫోన్ మోగుతుందో లేదో చూస్తాను. మోగితేనే పని అయినట్టు.

గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేశారు. రోజువారీ బ్యాకప్ చూస్తే లేదు. వెర్షన్ల తేడా వల్ల అది విఫలమవుతూ వస్తోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు వెళ్లాయి గానీ, సరైన ధ్రువీకరణ లేదని మెయిల్ వ్యవస్థ తిప్పికొట్టింది. సుమారు ఆరు గంటల ముందు తీసిన మరో నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల సమాచారం పోయింది. జరిగిందంతా దాచకుండా లోకానికి చెప్పడం వారి గొప్పతనం.

చివరగా ఒక మనవి. ఈ సంచిక కోసం సేకరించిన పాత గ్రూప్ ఫోటోలు, స్కాన్ చేసిన పాత పత్రాలు ఒకే హార్డ్ డిస్కులో, ఒకే బీరువాలో ఉండిపోకూడదు. మూడు నకళ్లు తీద్దాం. ఒకటి బడిలో, ఒకటి సంఘం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉంచుదాం. ఏటా సమావేశం రోజున మూడింటినీ తెరిచి చూసే బాధ్యత ఒకరికి పేరుపెట్టి అప్పగిద్దాం. మొదటి ఏడాదికి నా పేరు రాసుకోండి.

సెలవు.