కుక్కను కుక్క కరచినచో బాధ్యత ఎవరిది?

నన్నయభట్టారకుని ఆదిపర్వము చదివినవారికి సరమ కథ తెలియును. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, సరమ అను దేవశునకము కొడుకు సారమేయుడు ఆ చుట్టుపట్ల ఆడుకొనబోయెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. తల్లి తిన్నగా రాజసన్నిధికి వచ్చి, ఏ తప్పు చేసెనని నా బిడ్డను కొట్టించితివని నిలదీసెను. రాజు కొలువులో ఒక కుక్క చేసిన ఫిర్యాదు ఇది. ఆనాడు సరమ అడిగిన ప్రశ్నయే నేటి న్యాయస్థానములందును మొదటి ప్రశ్న: తప్పు ఎవరిది?

ఒక గృహస్థు తెల్లవారుజామున తన చిన్న కుక్కను గొలుసుతో పట్టుకొని వీథివెంట నడచుచున్నాడనుకొందము. ఒక యింటి గేటు తెరచియున్నది. అందుండి ఒక పెద్ద కుక్క ఉరికివచ్చి చిన్నదానిని మెడ పట్టి విదిలించినది. రెండు దినములు వైద్యము చేయించినను అది దక్కలేదు. అప్పుడు వీథిలో రెండు మాటలు వినబడును. కుక్కలన్న తరువాత కొట్లాడుకొనక మానునా, దీనికి ఇంత రభస యేల యని కొందరందురు. కరచిన కుక్కను కొట్టి చంపవలెనని మరికొందరందురు. చట్టము ఈ రెండు మాటలలో దేనిని అంగీకరింపదు.

చట్టము దృష్టిలో పెంపుడు కుక్క యజమానుని చరాస్తి. అది నేరస్థురాలు కాజాలదు, దావా వేయజాలదు. కావున విచారణ యంతయు కుక్కను గురించి కాక, దానిని పెంచువానిని గురించి సాగును. అతనికి ఏమి తెలియును? తెలిసి ఏమి చేసెను?

మొదట నష్టపరిహారము మాట చూతము. మన దేశమున కుక్కను కుక్క కరచుటను గూర్చి ప్రత్యేక శాసనము లేదు. ఇంగ్లండునుండి వచ్చిన సాధారణ న్యాయసూత్రములనే మన న్యాయస్థానములు అనుసరించుచున్నవి. ఆ సూత్రముల ప్రకారము దారులు రెండు. యజమానుడు తగిన జాగ్రత్త తీసికొనలేదని చూపుట ఒకటి. తన కుక్క మీదపడు స్వభావము కలదని అతనికి ముందే తెలియునని చూపుట రెండవది. ఈ రెండవ సూత్రమునుబట్టియే ప్రతి కుక్కకును మొదటి కాటు ఉచితమను మాట లోకమున పుట్టినది. అది పూర్తిగా నిజము కాదు. కుక్క ఇంతకుముందు ఎవరినీ కరవకున్నను, గొలుసు తెంపుకొని తోటి కుక్కలపైకి ఉరుకుట యజమానుడు చూచియుండినచో, అతనికి తెలిసినట్లే.

ఇంగ్లండులో 1971వ సంవత్సరపు జంతువుల చట్టము ఈ సూత్రమును శాసనముగా మార్చినది. అందొక విశేషము కలదు. కుక్క గొఱ్ఱెను గాని, ఆవును గాని, కోడిని గాని చంపినచో, పెంచువానికి దాని స్వభావము తెలియునా లేదా యని అడుగకయే అతనిని బాధ్యునిగా ఎంచుదురు. కాని ఆ పశువుల పట్టికలో కుక్క పేరు లేదు. కావున చచ్చినది కుక్కయైనచో తెలివిడిని నిరూపింపవలసినదే. ఎల్ల దాటి స్కాట్లండులో అడుగిడినచో మాట మారును. అచ్చట 1987వ సంవత్సరపు చట్టము, కుక్క మనుష్యులను గాని ఇతర జంతువులను గాని కరచి తీవ్రముగా గాయపరచగలదని ముందే ఊహించుకొనును. పెంచువానికి దాని స్వభావము తెలియునా లేదా యను ప్రశ్న అచ్చట లేదు. ఒకే కాటునకు ఎల్లకు ఈవల ఒక న్యాయము, ఆవల ఒక న్యాయము.

మన దేశమున దావా వేయువాడు చూపవలసిన సాక్ష్యము పైని చెప్పినదానినిబట్టి తేలును. ఆ కుక్క ఇదివరలో మీదపడిన సందర్భములు, ఇరుగుపొరుగువారు చేసిన హెచ్చరికలు, తెరచియుంచిన గేటు, లేని గొలుసు, ఇవియే ఆధారములు. కుక్క ఉన్నది జాగ్రత్త యని బల్ల కట్టినంతమాత్రమున, ఆ కుక్క వీథిలో చేసిన పనికి యజమానుడు తప్పించుకొనజాలడు. అట్లే, నష్టపోయినవాడు తన కుక్కనుగూడ విచ్చలవిడిగా వదలియుండినచో, పరిహారములో ఆ మేరకు కోత పడవచ్చును.

ఇక పరిహారమెంత? వైద్యమునకు, మందులకు అయిన వ్యయము ఒకటి. చచ్చినచో కుక్క వెల మరియొకటి. ఇచ్చటనే చిక్కు. వేలు పోసి కొన్న జాతికుక్కకు వెల కలదు. పదేండ్లుగా ఇల్లు కాచిన ఊరకుక్కకు అంగడిలో వెల యేమి? ఇంటివారి దుఃఖమును సాధారణముగా లెక్కకట్టరు.

శిక్షాస్మృతియు చాలకాలము ఈ వెలనే పట్టుకొని వ్రేలాడినది. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి 428వ సెక్షను ప్రకారము, పది రూపాయలు గాని అంతకెక్కువ గాని వెల కలిగిన జంతువును కావలెనని చంపినను, అంగవిహీనము చేసినను రెండేండ్ల వరకు ఖైదు. ఏబది రూపాయలు, ఆపై వెల కలదైనచో 429వ సెక్షను ప్రకారము అయిదేండ్ల వరకు ఖైదు. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షనులో ఈ వెలల ప్రసక్తి లేదు. ఏ జంతువునైనను అట్లు చంపుట నేరమే; అయిదేండ్ల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఊరకుక్కకు ఈ మార్పు వలన కలిగిన మేలు చిన్నది కాదు.

అయితే ఈ సెక్షను వర్తించుటకు కావలెనను తలంపైనను, ఇట్లు జరుగునను ఎరుకయైనను ఉండవలెను. తన కుక్కను ఎదుటివాని కుక్కపైకి ఉసికొల్పినవాడు దీనికి చిక్కును. గేటు వేయ మరచినవాడు చిక్కడు. జంతువును అజాగ్రత్తగా ఉంచుటను శిక్షించు 291వ సెక్షను మనుష్యుని ప్రాణమునకు, మనుష్యునికి తగులు తీవ్రమైన గాయమునకు సంబంధించినదే. వినోదమునకై జంతువులను పోట్లాడించుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము నేరము. కాని మొదటిసారికి జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వరకు మాత్రమే. ఆనాడు వ్రాసిన ఆ మొత్తము నేటికిని మారలేదు.

ఇంగ్లండులో ఒక మెట్టు పైకెక్కిరి. 1991వ సంవత్సరపు ప్రమాదకరమైన కుక్కల చట్టమును 2014లో సవరించి, అంధులకు, ఇతర వికలాంగులకు తోడుగా నడచు శిక్షణపొందిన కుక్కను అదుపు తప్పిన కుక్క గాయపరచినచో, దాని యజమానునికి మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చునని నిర్ణయించిరి. అంధునికి ఆ కుక్కయే కన్నులు. అంగడి వెలకు మించిన విలువను చట్టము గుర్తించిన తావు అది.

కరచినది యజమానుడు లేని వీథికుక్కయైనచో దావా వేయుటకు ఇరుగింటివాడు దొరకడు. పురపాలక సంఘమునకు ఫిర్యాదు చేయవలెను. 2023వ సంవత్సరపు జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీథికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్సలు, టీకాలు జరిపించు బాధ్యత స్థానిక సంస్థలది.

ఇట్టి ఆపద సంభవించినప్పుడు శ్రోతలు చేయదగిన పనులు కొన్ని చెప్పెదము. కుక్కలను విడదీయబోయి మనుష్యుడు కాటు తినుట తరచుగా జరుగును. అట్లయినచో తక్కిన పనులన్నియు మాని, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. రేబిస్ వ్యాధి పైకి కనబడిన తరువాత బ్రతుకుట మిక్కిలి అరుదు. కాటు తిన్న కుక్కను పశువైద్యునికి చూపి ధ్రువపత్రమును, రశీదులను భద్రపరచవలెను. గాయములకు ఛాయాచిత్రములు తీయించి, చూచినవారి పేర్లు వ్రాసికొనవలెను. యజమానునికి జరిగినది తెల్పుచు జాబు వ్రాసి, నకలు ఉంచుకొనవలెను. ఆ జాబు వలన ఇంకొక ప్రయోజనము కూడ కలదు. నాటినుండి తన కుక్క స్వభావము తనకు తెలియదని అతడు చెప్పజాలడు.

దావా వేయుటకు మూడేండ్ల గడువు కలదు. కాని ఇరుగుపొరుగువారి తగవు కోర్టులో ఏండ్లు సాగుటకంటె, 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము ఏర్పడిన లోక్ అదాలత్‌లో రాజీపడుట మేలు. అచ్చట కోర్టు రుసుము లేదు. కుక్క కాటునకు చెప్పుదెబ్బ యను సామెతను నమ్ముకొని, మరునాడు కఱ్ఱ పట్టుకొని పోయి కసితీర కొట్టినచో, ఫిర్యాదుదారుడే జంతుహింస నేరమునకు ముద్దాయి యగును. సరమకొడుకును కొట్టిన రాజకుమారులవలె, తప్పెవరిదో విచారింపక నోరులేని దానిని దండించినవాడగును.

కుక్కను పెంచువారికి మా మనవి ఒక్కటే. గేటు వేయుడు, గొలుసు పట్టుడు, ఏటేట టీకా వేయింపుడు. మీ కుక్క మీదపడునదని ఒకరు చెప్పినప్పుడు కోపపడక వినుడు.