ధ్రువ సముద్రాల మంచు – ముందుచూపుకు ఖర్చు



ఉగాదినాడు పంచాంగం విని రానున్న వానలు, పంటలు తెలుసుకొనుట మన ఆచారం. ధ్రువ సముద్రాలలో మంచు ఎప్పుడు పేరుకొనునో, ఎప్పుడు కరుగునో ముందుగా చెప్పుటకు నేడు శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నారు. ఎక్కడి మంచుకో ఇంత ధనమెందుకని కొందరి ప్రశ్న.

2013 డిసెంబరులో ‘అకడమిక్ షోకాల్‌స్కీ’ అను రష్యా ఓడ అంటార్కిటికా చెంత మంచులో చిక్కుకొన్నది. సాయం వెళ్ళిన చైనా ఓడ దానిని చేరలేకపోయినది. 2014 జనవరి 2న ఆ చైనా ఓడ హెలికాప్టరు 52 మందిని తరలించినది. పిమ్మట ఆ ఓడయే మంచులో ఇరుక్కున్నది. అదృష్టవశాత్తు అందరూ క్షేమంగా బయటపడ్డారు.

మా రైల్వేలో లైన్ క్లియర్ లేనిదే బండి కదలదు. మంచు సముద్రంలో ఓడకు ఆ మాట చెప్పవలసినది ఈ పరిశోధనే.

1979 నుండి ఉపగ్రహాలు మంచు వైశాల్యాన్ని కొలుస్తున్నవి. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయినది. కాని మంచు అడుగున నీటి వేడిమి ఎంతో ఆకాశం నుండి తెలియదు. పరికరాన్ని నీటిలో దించవలసినదే. 2014లో మన దేశం ఆర్కిటిక్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో అట్టి పరికరాలను దించినది. 2019–20లో జర్మనీ ఓడ ‘పోలార్‌స్టెర్న్’ నెలల తరబడి మంచుతోపాటు కొట్టుకుపోతూ కొలతలు తీసినది. 20 దేశాలవారు కలిసిన ఆ యాత్రకు సుమారు 14 కోట్ల యూరోలు ఖర్చయినవి.

పెద్ద మొత్తమే! అయితే ఈ ఏటి కొలత ఈ ఏడే తీయవలెను. తప్పినచో ఎంత ధనం పోసినా మరల దొరకదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఉద్ధృతిని ముందుగా చెప్పగా మన జాలరులు వేట మానుకొని ప్రాణాలు దక్కించుకొంటున్నారు. ఆ హెచ్చరికకు వెనుక ఏళ్ళ తరబడి వ్రాసిపెట్టిన కొలతలున్నవి. ఇట్టి ఖర్చును దుబారా అనక, విత్తనపు గింజలని భావింతురు గాక!